ఏడ్చే పిల్లల చేతికి పని ఇచ్చిన డాక్టరమ్మ

బజారులో నడుస్తూ బోర్డులు చదివే అలవాటు మీకుంటే ఒక పేరు తప్పకుండా కంటపడి ఉంటుంది. మా మండపేట అనే కాదు, గోదావరికి ఈ గట్టున చూసినా ఆ గట్టున చూసినా, కాస్త పెద్ద ఊరైతే చాలు, మాంటిస్సోరి అని రాసిన బోర్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అదేదో సిలబస్ పేరని కొందరు, ఇంగ్లిష్ మీడియానికి ఇంకో పేరని కొందరు అనుకుంటారు. అది ఒక మనిషి ఇంటిపేరు. ఆవిడ చదివింది టీచరు చదువు కాదు, డాక్టరు చదువు. పైగా మన గోదావరి జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఆ మద్రాసులోనే ఏళ్ల తరబడి ఉన్నారు.

హెల్త్ పేజీలో ఆవిడ కథ ఎందుకంటారా? ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో కొందరికి జ్వరం ఉండదు, స్కానింగులో ఏమీ కనబడదు. అయినా సోమవారం పొద్దున్న బడి వేళకు కడుపునొప్పి వస్తుంది. అమ్మ కువైట్ వెళ్లిన నెల నుంచి ఏడేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడుపుతుంటాడు. అడిగింది ఇవ్వలేదని రెండేళ్ల పిల్ల ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోతుంది. తల్లిదండ్రులు టానిక్ రాయమంటారు. వీళ్లలో ఊపిరి బిగబట్టే పిల్లలకు రక్తహీనత ఉందేమో చూడాలి. ఐరన్ మందుతో కొందరికి తగ్గుతుంది కూడా. మిగతా చాలామందికి సీసాలో దొరికే మందు లేదు. వాళ్లది భయం, దిగులు, కోపం. వాళ్ల ఒంటికి మించిన సైజులో వచ్చాయి, అంతే. ఆ సైజు భావాలను పిల్లలు ఎలా దించుకుంటారో నూటపాతికేళ్ల కిందటే గమనించిన డాక్టరు మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి, కూతురు టీచరైతే చాలనుకున్నారు. ఆమె ముందు ఇంజనీరింగ్ వైపు వెళ్లి, తర్వాత వైద్యం చదువుతానన్నారు. రోమ్ విశ్వవిద్యాలయంలో మగపిల్లలతో కలిసి శవాన్ని కోసి చూడడం ఆడపిల్లకు తగదన్నారు. అందుకని అందరూ వెళ్లిపోయాక సాయంత్రం వేళ ఒంటరిగా శవాల గదిలో కూర్చుని చదువుకునేవారు. అనాటమీ హాలు వాసన తెలిసిన వాళ్లెవరికైనా అది ఎంత గుండెధైర్యమో అర్థమవుతుంది. 1896లో పట్టా పుచ్చుకున్నారు. ఇటలీలో డాక్టరైన తొలి మహిళల్లో ఆమె ఒకరు.

ఉద్యోగం మానసిక రోగుల విభాగంలో. ఆ రోజుల్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను కూడా పెద్దవాళ్లతో పాటు పిచ్చాసుపత్రిలోనే పడేసేవారు. అలాంటి ఒక చోట పిల్లలను చూసుకునే ఆవిడ డాక్టరమ్మ దగ్గర చిరాకుపడింది. అన్నం తిన్నాక కూడా ఈ పిల్లలు నేల మీద పడ్డ రొట్టె ముక్కల కోసం పాకులాడతారని, తిండిపోతులని ఆవిడ ఫిర్యాదు. మరియా గది చుట్టూ చూశారు. నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. పట్టుకోవడానికి, తిప్పడానికి, నలపడానికి ఒక్క వస్తువు లేదు. ఆ రొట్టె ముక్కలే వాళ్ల బొమ్మలు. వాళ్ల ఆకలి కడుపుది కాదు, చేతులది.

నన్నడిగితే ఆమె జీవితంలో అసలైన రోగనిర్ధారణ అదే. తర్వాతదంతా దానికి చికిత్స. ఇటార్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల పాత పుస్తకాలు వెతికి చదివారు. చెక్కతో, గుడ్డతో వస్తువులు చేయించారు. 1900లో రోమ్‌లో అలాంటి పిల్లల కోసం పెట్టిన శిక్షణ సంస్థకు మరో డాక్టరుతో కలిసి సంచాలకులయ్యారు. ఎందుకూ పనికిరారనుకున్న పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లల పరీక్షలు పాసయ్యారు. లోకం చప్పట్లు కొట్టింది. ఆమె మాత్రం, ఈ పిల్లలే ఇంత చేయగలిగితే మామూలు పిల్లలు బడుల్లో ఎందుకిలా మిగిలిపోతున్నారని ఆలోచనలో పడ్డారు.

ఇదే కాలంలో ఆమె సొంత జీవితంలో ఒక గాయం ఉంది. తనతో పనిచేసిన ఆ డాక్టరు జ్యుసెప్పె మోంటెసానోతో ఆమెకు 1898లో ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. వాళ్లకు పెళ్లి కాలేదు. పెళ్లి కాని తల్లి అని బయటపడితే ఆ రోజుల్లో ఆమె ఉద్యోగం, పేరు అన్నీ పోయేవి. బిడ్డను రోమ్‌కు దూరంగా ఒక పల్లెటూరి కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. అప్పుడప్పుడు వెళ్లి చూసేవారు, తల్లినని చెప్పకుండా. మోంటెసానో మరొకరిని పెళ్లి చేసుకున్నారు. ఆమె 1901లో ఆ సంస్థను వదిలేశారు. కొడుకు పదిహేనేళ్ల వాడయ్యాకే తల్లి దగ్గరికి వచ్చి ఉన్నాడు. అప్పటికీ చాలాకాలం లోకానికి మేనల్లుడిగానే పరిచయం. ప్రపంచంలోని పిల్లల గురించి చెప్పిన మనిషి సొంత బిడ్డ ఏడుపు వినలేకపోయింది. దీన్ని దాచి ఆమెను దేవతను చేసే పుస్తకాలు ఉన్నాయి. నాకు అవి నచ్చవు.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె తొలి బాలల ఇల్లు తెరిచారు. తల్లిదండ్రులు పనికి వెళ్తే పిల్లలు కొత్తగా బాగుచేసిన ఇళ్ల గోడలు పాడుచేస్తున్నారని, ఆ ఇళ్ల కంపెనీ వాళ్లే ఒక గది ఇచ్చి చూసుకోమన్నారు. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు యాభై మంది దాకా. బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్లు, ఊరికే ఏడ్చేవాళ్లు. చూసుకునే ఆవిడకు టీచరు ట్రైనింగ్ ఏమీ లేదు. అదే మంచిదైందని డాక్టరమ్మ తర్వాత అనుకున్నారు.

అక్కడ చూసిన ఒక సంగతి ఆమె రాతల్లో పదేపదే కనబడుతుంది. మూడేళ్ల పాప ఒకతి చెక్క దిమ్మలో ఉన్న గుంటల్లో రకరకాల సైజుల కడ్డీలు అమర్చి, తీసి, మళ్లీ అమరుస్తోంది. చుట్టూ పిల్లలతో పాట పాడించారు. పాప తలెత్తలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు. కడ్డీలు ఒడిలో పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. నలభై సార్లకు పైగా చేసి, తనంతట తనే ఆపి, నిద్రలేచినట్టు చుట్టూ చూసి నవ్వింది. అలసట లేదు. ఎవరూ భేష్ అనలేదు, చాక్లెట్ ఇవ్వలేదు. ఇలా ఒక పనిలో మునిగి లేచిన పిల్లల్లో పోట్లాటలు, మొండితనం తగ్గడం ఆమె రోజూ చూశారు.

ఇప్పుడు వైద్యశాస్త్రం దీనికి కొంత కారణం చెప్పగలదు. ప్రమాదాన్ని పసిగట్టి భయాన్ని, కోపాన్ని రగిల్చే మెదడు భాగాలు పసితనం నుంచే చురుగ్గా పనిచేస్తాయి. వాటికి కళ్లెం వేసే నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యేళ్లు దాటుతుంది. నాలుగేళ్ల పిల్లాడు శివాలెత్తి దొర్లుతున్నప్పుడు మీరు చెప్పే నీతి వాడి చెవిదాకా వెళ్తుందేమో గానీ లోపలికి దిగదు. దెబ్బ వేస్తే నోరు మూస్తాడు. అది శాంతించడం కాదు, మీకు భయపడడం. లయగా, మళ్లీ మళ్లీ చేసే చేతిపని మాత్రం ఊపిరిని నెమ్మదింపజేస్తుంది, చెదిరిన ధ్యాసను ఒక చోటికి తెస్తుంది. మాటలు ఆ తర్వాత.

అసలు పరీక్ష 1908 డిసెంబరు 28న వచ్చింది. ఆ తెల్లవారుజామున ఇటలీ దక్షిణాన మెసీనా నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. వెనకే సముద్రం ముంచేసింది. చనిపోయినవాళ్లు వేలల్లో, పదుల వేలల్లో. శిథిలాల మధ్య ఒంటరిగా దొరికిన పిల్లలను అరవై మంది దాకా రోమ్‌కు తెచ్చి ఒక క్రైస్తవ సన్యాసినుల మఠంలో ఉంచారు. తమ పేరేమిటో, తల్లిదండ్రులెవరో చెప్పలేని పసివాళ్లు. మాట లేదు, పలుకు లేదు. తిండి పెడితే తినరు, పడుకోబెడితే నిద్రపోరు. రాత్రుళ్లు కేకలు పెట్టేవారు. ఈనాడైతే దీన్ని ఘోర సంఘటన తర్వాత వచ్చే మానసిక ఒత్తిడి జబ్బు అంటాం. అప్పటికి దానికి పేరు కూడా లేదు.

డాక్టరమ్మ చేసిన చికిత్స ఏమిటంటే, వాళ్ల ఎత్తుకు సరిపడే చిన్న బల్లలు, కుర్చీలు వేయించారు. తేలిక రంగుల తెరలు కట్టించారు. గోడలకు బొమ్మలు, బల్లల మీద పువ్వులు. చిన్న చిన్న పళ్లేలు, గరిటెలు, చేతిగుడ్డలు పిల్లల చేతికే ఇచ్చారు. బల్ల సర్దడం, వడ్డించడం, తుడవడం, మొక్కల పని. సిస్టర్లు ఓపిగ్గా ఒక్కొక్క పనీ ఎలా చేయాలో చేసి చూపించేవారు. ఏం జరిగింది నాన్నా, చెప్పు అని గుచ్చి గుచ్చి అడగడం అక్కడి చికిత్సలో లేదు. కొద్దికొద్దిగా పిల్లలు తినడం మొదలుపెట్టారు. నిద్ర వచ్చింది. తర్వాత తోటలో పరుగులు, గదిలోని సామాను ఎత్తుకెళ్లి చెట్ల కింద పెట్టుకోవడం, నవ్వులు.

తుపాన్లు, వరదలు మనకు కొత్త కాదు. 1986 గోదావరి వరద, 1996 నవంబరు కోనసీమ తుపాను చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. పునరావాస శిబిరాల్లో పాల పొడి, దుప్పట్లు, మందులు పంచుతాం. వాటితో పాటు ఒక మూల చాప పరిచి కాస్త మట్టి, రంగులు, కాగితాలు, ఒక డప్పు పెట్టడం కూడా మందు పంచడమే.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా ఆమె ఇంకో అడుగు వేశారు. గాయపడ్డ సైనికులకు రెడ్‌క్రాస్ ఉన్నట్టే, యుద్ధం చూసి మనసు చెదిరిన పిల్లలకు వైట్‌క్రాస్ కావాలని, దానికి నర్సులకూ టీచర్లకూ శిక్షణ ఇవ్వాలని 1917లో ప్రతిపాదించారు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి రోజుల్లో ముస్సోలినీ ఆమె బడులకు డబ్బిచ్చాడు, ఆమె తీసుకున్నారు. పిల్లలను చిన్న సైనికులుగా తయారుచేయడం దగ్గర తేడా వచ్చింది. 1934లో ఇటలీలో ఆ బడులు మూతపడ్డాయి. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం ఆమెను అక్కడి నుంచీ తరిమింది.

అలా తిరిగి తిరిగి 1939లో, అరవైతొమ్మిదేళ్ల వయసులో, కొడుకుతో కలిసి మద్రాసు వచ్చారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షులు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి పిలుపు అది. మొదటి శిక్షణకే దేశం నలుమూలల నుంచి మూడు వందల మంది దాకా వచ్చారు. వాళ్లు ఉండడానికి తాటాకు పాకలు వేశారు. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే మారియో ఇంగ్లిష్‌లోకి మార్చేవారు. కొద్ది నెలలు ఉండి వెళ్దామనుకున్నారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఇద్దరూ శత్రుదేశస్తులైపోయారు. మారియోను నిర్బంధ శిబిరానికి పంపారు, ఆమెను అడయారు దాటొద్దన్నారు. డెబ్భయ్యో పుట్టినరోజుకు వైస్రాయ్ దగ్గర్నుంచి తంతి వచ్చింది. ఆమె కొడుకును విడుదల చేస్తున్నట్టు అందులో ఉంది. నలభై రెండేళ్లుగా ఆమె పైకి చెప్పలేని సంబంధాన్ని ఒక సర్కారు కాగితం రాసేసింది.

1942 నుంచి రెండేళ్లు కొడైకెనాల్ కొండ మీద ఉన్నారు. అక్కడి పిల్లలను గమనిస్తూ, పాఠాలు చెబుతూ గడిపారు. అదే 1942లో ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు క్షయ రోగుల ఆసుపత్రిలో బొమ్మలు గీయించడానికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు. మాంటిస్సోరి తన పనిని ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. నిజానికి బొమ్మల విషయంలో ఆవిడ కాస్త గట్టి మనిషే. ముందు చేయి, కన్ను కుదరాలి, బొమ్మ దానంతట అదే వస్తుందనేవారు. చిన్న పిల్లలకు మాయలూ మంత్రాల కథలు చెప్పడం కూడా ఆవిడకు ఇష్టం లేదు.

ఇక్కడ నేను ఆమెతో ఒప్పుకోను. చీకటంటే భయపడే పిల్లకు రాక్షసుణ్ణి ఓడించిన బుడతడి కథ ఇచ్చే ధైర్యం ఏ చెక్క దిమ్మా ఇవ్వదు. ఆమె అడయారులో పాఠాలు చెబుతున్న దశాబ్దంలోనే, అదే మద్రాసులో మన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో తెలుగు పిల్లల చేత పాడించారు, నాటకాలు వేయించారు. 1945లో బాల పత్రిక పెట్టి పిల్లల రాతలకు చోటిచ్చారు. వాళ్లను రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని తెలుగునాడంతా పిలిచింది. పని కావాలంటే మాంటిస్సోరి దగ్గరికి, కథ కావాలంటే అన్నయ్య అక్కయ్యల దగ్గరికి వెళ్లండి. పిల్లలకు రెండూ కావాలి.

మీ ఇంట్లో ఇదంతా ఎలా అంటే, ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. చపాతీ పిండి ముద్ద ఒకటి చేతికివ్వండి. కోపంగా ఉన్న పిల్లాడు దాన్ని గుద్దనివ్వండి, నలపనివ్వండి. వినాయకచవితి మట్టి కాస్త దాచి ఉంచండి. చిక్కుడుకాయలకు పీచు తీయడం, చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు ఒలకకుండా పోయడం, వాకిట్లో ముగ్గు చుక్కలు పెట్టడం, ఇవన్నీ ఆమె చెప్పిన పనులకు అక్కచెల్లెళ్లే. మూడేళ్ల లోపు పిల్లల దగ్గర మాత్రం శనగలు, బఠాణీలు, పూసలు వద్దు. ముక్కుల్లో దూర్చుకుంటారు, నోట్లో వేసుకుంటే గొంతుకడ్డం పడతాయి. మేం ఆసుపత్రుల్లో తీస్తూనే ఉంటాం.

పని ఇచ్చాక మీరు చేయాల్సింది కష్టమైనది. ఊరికే పక్కన కూర్చోవాలి. సరిదిద్దకూడదు, ఫోన్ చూసుకోకూడదు. బొమ్మ గీస్తే ఇదేంటి, చెయ్యి ఇలా ఉందేంటి అనకండి. దీని గురించి చెబుతావా అని అడిగి ఊరుకోండి. చెప్పకపోయినా పర్వాలేదు. అలాగే నల్లరంగు వాడాడు కాబట్టి దిగులు, ఎరుపు వాడాడు కాబట్టి కోపం అని మీరే జాతకం చెప్పేయకండి. ఆ రోజు డబ్బాలో నల్ల రంగు ఒక్కటే మిగిలి ఉండొచ్చు.

ఆమె బడిలో నిశ్శబ్దం అనే ఆట ఒకటి ఉండేది. గది చీకటి చేసి, అందరూ కదలకుండా కూర్చుంటే, పక్క గదిలోంచి ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలిచేవారు. పేరు వినబడ్డవాళ్లు చప్పుడు కాకుండా లేచి రావాలి. అల్లరి పిల్లలే దీన్ని ఎక్కువ ఇష్టపడేవారట. రాత్రి కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఆడి చూడండి. ఇది శిక్షగా పెట్టే నోరు మూసుకో కాదన్న సంగతి మాత్రం మరవకండి.

అన్నిటికీ పిండి ముద్ద సరిపోదు. దిగులు వారాల తరబడి వదలకపోయినా, తిండి, నిద్ర, ఆట మానేసినా, వచ్చిన మాటలు, నేర్చిన అలవాట్లు వెనక్కి పోయినా, తనను తాను కొట్టుకున్నా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వచ్చినా డాక్టరుకు చూపించండి. నవ్వి కొట్టేయకండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లను ఎవరైనా హింసిస్తున్నారన్న అనుమానం ఉంటే 1098. బడిలో కొట్టడాన్ని, మనసు గాయపడేలా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. గుమ్మం మీద ఆవిడ పేరున్నా లేకున్నా, లోపల మూడేళ్ల పిల్లలు ఏం చేస్తున్నారో ఒక పూట వెళ్లి చూసే హక్కు మీకుంది. వరసగా కూర్చుని ఏబీసీడీలు నింపుతుంటే అది మాంటిస్సోరి కాదు.

ఆమె 1946లో మన దేశం వదిలి, మళ్లీ వచ్చి 1949 దాకా పనిచేశారు. వెయ్యి మందికి పైగా టీచర్లు ఇక్కడ ఆమె దగ్గర నేర్చుకున్నారు. ఆ ఏడాది నుంచి వరసగా మూడేళ్లు నోబెల్ శాంతి బహుమతికి పేరు వెళ్లింది, రాలేదు. 1952 మే 6న హాలండులోని నూర్డ్‌వైక్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో, ఎనభయ్యొకటో ఏట, ఆఫ్రికా వెళ్లి టీచర్లకు శిక్షణ ఇవ్వడం గురించి మారియోతో మాట్లాడిన కాసేపటికే కన్నుమూశారు. అక్కడే ఖననం చేశారు. ఆమె వీలునామాలో మారియోను మేనల్లుడని రాయలేదు. నా కొడుకు అని రాశారు.